నా గొంతు నాకే తిరిగి వినిపించిన సెట్టు: డ్యూయల్ బ్యాండ్ మొబైల్‌తో ఆరేళ్లు

డ్యూయల్ బ్యాండ్ మొబైల్ రేడియో (హ్యామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాకు రేడియోలో మాట్లాడుకునేవారు, కారులో పెట్టుకునే రెండు ఫ్రీక్వెన్సీ పరిధుల సెట్టు) కొనబోయేవారు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. అందులో నిజంగా రెండు రిసీవర్లున్నాయా, లేక ఒకే రిసీవర్ రెండు ఫ్రీక్వెన్సీలనూ వంతులవారీగా తొంగి చూస్తోందా? నా మొదటి సెట్టు ఆ రెండో రకం. తెర మీద రెండు వరుసల అంకెలు ఠీవిగా వెలిగేవి. పై వరుసలో ఎవరైనా మాట్లాడుతుంటే కింది వరుసకు చెవుడు. నేను మైకు బటన్ నొక్కితే రెండింటికీ చెవుడే. రెండేళ్లు దానితో వేగి, 2019లో ఈ 50 వాట్ల సెట్టు తీసుకున్నాను. ఇది 144 మెగాహెర్ట్జ్ బ్యాండులో మాట్లాడుతూనే 430 బ్యాండులో వింటుంది. ఆరేళ్ల తర్వాత కూడా నేను దీన్ని అమ్మకపోవడానికి కారణం అదొక్కటే.

2020 సెప్టెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో హ్యామ్‌ల కోసం రిపీటర్, అంటే ఒక ఫ్రీక్వెన్సీలో విన్న మాటను మరో ఫ్రీక్వెన్సీలో తిరిగి ప్రసారం చేసే యంత్రం, మొదలైంది. 145.990 మెగాహెర్ట్జ్‌లో రిపీటర్‌ను తెరిచే 67 హెర్ట్జ్ టోనుతో మనం పంపిన మాట 437.800లో కిందికి వస్తుంది. మన దేశంలో హ్యామ్‌లకిచ్చిన 144–146, 434–438 పరిధుల్లోనే ఈ రెండూ ఉన్నాయి. ఇంతకన్నా ఏం కావాలి? కాకినాడలో మా డాబా మీద ఒకే బూమ్‌కు రెండు చిన్న యాగీ యాంటెనాలు బిగించి, రెండు బ్యాండ్లనూ వేరుచేసే డైప్లెక్సర్ పెట్టి, సెట్టును పూర్తి 50 వాట్లకు తిప్పి, కేంద్రం సముద్రం మీదికి వచ్చే వేళకు సిద్ధంగా నిలబడ్డాను.

ఇతరుల గొంతులు గంట కొట్టినట్టు వినిపించాయి. నేను కాల్ సైన్ (నా లైసెన్సు గుర్తు) చెప్పడానికి నొక్కగానే స్పీకర్‌లో ఒట్టి హోరు. వదిలితే మళ్లీ గొంతులు. ప్రకటనలో చెప్పిన ఫుల్ డ్యూప్లెక్స్, అంటే మాట్లాడుతూనే వినగలగడం, అంతా అబద్ధమని ఆ రాత్రి చాలా బాధపడ్డాను. మూడు వారాల పాటు కేబుళ్లు మార్చాను, కనెక్టర్లకు మళ్లీ సోల్డరింగ్ చేశాను, టోను సరిచూశాను. చివరికి ఒక సాయంత్రం కాగితం మీద లెక్క వేస్తే సంగతి బయటపడింది. 145.990ని మూడుతో గుణిస్తే 437.970. అంటే నా ప్రసారపు మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో వెలువడే దాని నీడ), నేను వినవలసిన ఫ్రీక్వెన్సీకి 170 కిలోహెర్ట్జ్ దూరంలో పడుతోంది. పక్కనే నిలబడి నా చెవిలో నేనే అరుస్తున్నానన్నమాట.

మర్నాడు పవర్ 5 వాట్లకు తగ్గించాను. ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను, లేకపోతే స్పీకర్ శబ్దం మైకులోకి తిరిగి వెళ్లి కీచుమంటుంది. కాల్ సైన్ చెప్పి, మా గ్రిడ్ (మేమున్న చోటును తెలిపే కోడు) ఎన్‌కే16 అంటుండగానే ఆ మాట నా చెవిలోనే పలికింది. కొంచెం గరగరగా ఉన్నా అది నా గొంతే. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి వచ్చిన గొంతు! ఆ పది నిమిషాల్లో ఇద్దరితో మాట్లాడాను. అయినా ఆ రోజు తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది నా మాట నాకు తిరిగి వచ్చిన ఆ క్షణమే. కేంద్రం వేగానికి ఫ్రీక్వెన్సీ జరిగిపోయే డాప్లర్ ప్రభావం కోసం 437.810 నుంచి 437.790 వరకు అయిదేసి కిలోహెర్ట్జ్ తేడాతో అయిదు మెమరీలు పెట్టుకున్నాను. మన గొంతు మనకు వినిపిస్తుంటే ఎప్పుడు మెమరీ మార్చాలో ఎవరూ చెప్పనక్కరలేదు.

కొన్న కొత్తలో మిత్రులకు కళ్లు మూసుకుని కొనమని చెప్పాను. ఇప్పుడు ఆ మాట అనను. 144 వైపు, పై ఫ్రీక్వెన్సీలను అడ్డుకునే లోపాస్ ఫిల్టర్ చేర్చాక 10 వాట్ల దాకా పని జరుగుతోంది కానీ, 50 వాట్ల దగ్గర హోరు ఇప్పటికీ పోలేదు. 430లో పంపి 144లో వినే ఉపగ్రహాలతో ఈ హార్మోనిక్ బెడద లేదు. ఇక ఫ్యాను సంగతి. నాలుగో ఏడాదికే సముద్రపు గాలికి తుప్పు పట్టి గర్రుమనడం మొదలుపెట్టింది, మార్చవలసి వచ్చింది. ముందు ప్యానెల్‌ను విడదీసి డాష్‌బోర్డుకు పెట్టుకునే సౌకర్యాన్ని కూడా ఒకప్పుడు తెగ పొగిడాను. ఆ కేబుల్ కొనలకు చిలుము పట్టి రెండుసార్లు తెర ఆరిపోయాక ప్యానెల్‌ను సెట్టుకే తగిలించి ఉంచుతున్నాను.

కారులో వెళుతూ ఊరి రిపీటర్‌తో మాట్లాడుకోవడమే మీ పని అయితే ఇంత డబ్బు పెట్టనవసరం లేదు, ఒక్క రిసీవర్ సెట్టు చాలు. మా డాబాకు తూర్పున అడ్డంగా ఒక్క భవనమూ లేదు, నాకు ఉపగ్రహాల పిచ్చి ఉంది. నా లెక్క అందుకే వేరు. ఎవరి దగ్గరైనా పాత సెట్టు చూడటానికి వెళితే ఒక డమ్మీ లోడ్ (యాంటెనా బదులు తగిలించి, ప్రసారం గాలిలోకి పోకుండా చూసే సాధనం), ఒక హ్యాండీ (చేతి రేడియో) వెంట తీసుకెళ్లండి. సెట్టుకు డమ్మీ లోడ్ తగిలించండి. మిత్రుడు హ్యాండీతో దూరంగా వెళ్లి, 437.800లో వస్తున్న మాట కొంచెం గరగరలాడే చోట ఆగి మాట్లాడుతూ ఉండాలి. మీరు 145.990లో ముందు 5 వాట్లతో, తర్వాత 50 వాట్లతో బటన్ నొక్కి, ఆయన మాట ఎక్కడ మాయమవుతుందో వినండి.