షెనండోవా సౌత్ ఫోర్క్‌పై ఒక రోజు: కెనూ అద్దె దుకాణం, గాలం, దొరికినా వండుకోలేని చేపలు

ఉత్తర వర్జీనియాలో, ముఖ్యంగా యాష్‌బర్న్, హెర్న్‌డన్ పరిసరాలలో స్థిరపడిన తెలుగువారిలో చాలామందికి షెనండోవా అంటే అక్టోబరులో రంగు మారిన ఆకులను చూడడానికి కారులో ఎక్కి దిగే కొండదారి మాత్రమే. ఆ కొండకు పడమటి దిక్కున, బ్లూ రిడ్జ్‌కూ మసనటన్ కొండకూ నడుమనున్న లోయలో, సౌత్ ఫోర్క్ అని పిలిచే షెనండోవా నదీపాయ దక్షిణం నుంచి ఉత్తరానికి మెలికలు తిరుగుతూ పారి, ఫ్రంట్ రాయల్ దగ్గర నార్త్ ఫోర్క్‌తో కలుస్తుంది. గడచిన జూలైలో ఒక శనివారం మా ఇంటివాళ్ళం ఐదుగురం అక్కడ ఒక దుకాణంలో రెండు కెనూలు (తెడ్డుతో నడిపే సన్నని పడవలు) అద్దెకు తీసుకొని, ఫాస్టర్స్ రేవు నుంచి బెంటన్‌విల్ రేవు వరకు సుమారు 8 మైళ్ళు తెడ్డు వేసుకుంటూ, దారిలో గాలాలు వేసుకుంటూ వచ్చాము. దుకాణం పేరు చెప్పడం లేదు. ఆ తీరాన ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి కాబట్టి, దేనికి వెళ్ళినా ఏమేమి అడగాలో తెలియజేయడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా మెచ్చుకోవలసినది వారి రవాణా ఏర్పాటు. మన కారును దిగువ రేవులోనే ఉంచమని, పడవలనూ మనుషులనూ బస్సులో ఎగువకు తీసుకొనిపోయి దింపుతారు. అందువల్ల అలసిపోయి ఒడ్డుకు చేరేసరికి ఎదురుగా మన కారే ఉంటుంది. ఎండలో బస్సు కోసం పడిగాపులు పడవలసిన పని లేదు. చిన్నపిల్లలున్న కుటుంబానికి ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ఆ దుకాణానికి మళ్ళీ వెళ్ళవచ్చు. పడవలు బరువైన ప్లాస్టిక్‌వి. మోయడానికి భారమే కాని, రాళ్ళకు రాసుకున్నా చెక్కుచెదరలేదు. లైఫ్ జాకెట్లు పిల్లల కొలతలలో కూడా ఉన్నాయి, బకిల్స్ అన్నీ సరిగా పనిచేశాయి. తెడ్లు మాత్రం పొడుగువాళ్ళకు పొట్టివయ్యాయి. ఆరడుగులున్న మా బావమరిది సాయంత్రానికి నడుము పట్టుకొని కూర్చున్నాడు.

రేవు దగ్గర ఒక పెద్దాయన పది నిమిషాలు చెప్పిన పాఠం అద్దె మొత్తానికీ సరిపోయేటంత విలువైనది. వెనక కూర్చున్నవాడే చుక్కాని అనీ, తెడ్డు లాగిన తరువాత చివరలో దాన్ని కొద్దిగా బయటికి తిప్పితే పడవ ముక్కు పక్కకు పోకుండా ఉంటుందనీ ఆయన చేసి చూపించాడు. నీటిని చదవడం కూడా నేర్పాడు: నునుపైన నీరు బాణపు మొనలాగా దిగువకు చూపుతూ ఉంటే అది లోతైన దారి, మొన మన వైపు చూపుతూ ఉంటే సరిగ్గా ఆ మొన దగ్గర నీటి కింద రాయి ఉన్నట్టు. గోదావరి మీద లాంచీ ఎక్కడమే తప్ప ఎన్నడూ తెడ్డు పట్టని మాకు, అరగంటలో ఆ బాణాలు కంటికి ఆనడం మొదలుపెట్టాయి.

అయితే ఆయన చెప్పనిది ఒకటి ఉంది, నా ప్రధానమైన ఫిర్యాదు దాని గురించే. సౌత్ ఫోర్క్ అడుగున రాతి పొరలు నదికి అడ్డంగా మెట్లుమెట్లుగా తేలి ఉంటాయి. వేసవిలో నీరు తగ్గినప్పుడు ఆ మెట్ల మీద పడవ తేలదు. లూరే దగ్గర, ఫ్రంట్ రాయల్ దగ్గర ప్రభుత్వ భూగర్భ సర్వేక్షణ సంస్థ వారి నీటిమట్టపు కొలమానాలు ఉన్నాయి. వాటి అంకెలు ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు, ఈ వ్యాపారం చేసేవారు ప్రతి ఉదయమూ చూస్తారు. ఆ రోజు నీరు తక్కువగా ఉందని దుకాణం వారికి తెలుసు, మాకు తెలియదు. నాలుగు గంటల ప్రయాణమని చెప్పినది ఆరున్నర గంటలైంది. ఏడెనిమిది చోట్ల అందరమూ దిగి, పాచి పట్టిన రాళ్ళ మీద జారుతూ, పడవలను పశువులను తోలుకొచ్చినట్టు తాళ్ళతో లాక్కొని రావలసి వచ్చింది. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే పొట్టి దూరం ఎంచుకొనేవాళ్ళం, లేదా చెప్పులకు బదులు బూట్లు వేసుకొని వచ్చేవాళ్ళం. బేరం పోతుందని చెప్పలేదో, మాకు తెలుసుననుకున్నారో కాని, ముందుగా డబ్బు కట్టించుకొనే సేవలో ఈ మౌనం తగినది కాదు. మధ్యలో కాంప్టన్ అనే ఝరి ఒక్కటే నీటి కొరత లేకుండా ఉరకలు వేసింది. కష్టాన్ని బట్టి ఝరులను ఆరు తరగతులుగా విభజించే లెక్కలో రెండో తరగతి ప్రవాహమది. ఒక పడవలోకి రెండు బకెట్ల నీళ్ళు వచ్చాయి, మా అబ్బాయి దాన్ని మళ్ళీ దాటుదామని పేచీ పెట్టాడు.

గాలం విషయంలో దుకాణానికి పూర్తి మార్కులు ఇస్తాను. వారు అమ్మిన ఎరలు నాలుగైదు రకాలే, కాని ఏది ఎక్కడ వేయాలో వివరంగా చెప్పారు. ఇక్కడి ముఖ్యమైన చేప స్మాల్‌మౌత్ బాస్. వానపాము ఆకారపు మెత్తని ప్లాస్టిక్ ఎరను సరిగ్గా నడిమికి గుచ్చి, రాతి మెట్టు దాటగానే నీటి ఉరవడి చల్లబడే మడుగులోకి విసిరి, ఏమీ చేయకుండా దాన్ని మునగనివ్వడమే ఉపాయం. మన చెరువు గట్టున బెండు కదలిక కోసం కళ్ళు చిట్లించుకొని కూర్చోవడానికి అలవాటుపడ్డవారికి ఈ పద్ధతి మొదట మింగుడుపడదు. ఇక్కడ బెండు ఉండదు, దారం వేలికి చెప్పే కబురే ఆధారం. నాకు ఆరు బాస్‌లు పడ్డాయి, పిల్లలకు లెక్కలేనన్ని రెడ్‌బ్రెస్ట్ సన్‌ఫిష్ దొరికాయి. ఒక నారాయణ పక్షి మాకు ముందు ముందే ఎగురుతూ, మేము చేరబోయే ప్రతి మడుగులోనూ ముందే వచ్చి నిలబడింది.

బాస్ ఈ నదికి స్థానికం కాదన్న సంగతి చాలామందికి తెలియదు. 1854లో ఒహాయో నది వైపు నుంచి కొన్ని చేపలను రైలింజను నీళ్ళ తొట్టిలో తెచ్చి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దగ్గర పోటోమాక్‌లో వదిలారు. షెనండోవా ఆ పోటోమాక్‌లోనే కలుస్తుంది కనుక వాటి సంతతే ఇక్కడికీ విస్తరించింది. 2005 వసంతంలో ఈ సౌత్ ఫోర్క్‌లో పెద్ద బాస్‌లూ సన్‌ఫిష్‌లూ పెద్దయెత్తున చనిపోయాయి, దానికి ఒకే కారణమంటూ తేలలేదు. ఇప్పుడు చేపలు మళ్ళీ బాగానే ఉన్నట్టు మా గాలాలకు తెలిసింది.

మొదటి చేప పడవలోకి రాగానే మా బావమరిది, "బావా, ఇది పులుసుకు పనికొస్తుందా?" అని అడిగాడు. పనికిరాదని చెప్పవలసి వచ్చింది. ఎగువన వేన్స్‌బోరోలోని డ్యూపాంట్ కర్మాగారం 1929 నుంచి 1950 వరకు పాదరసం వాడింది. అక్కడ నేలలోకీ ఏటిలోకీ చేరినది ఇప్పటికీ, దిగువన సౌత్ ఫోర్క్‌గా మారే సౌత్ రివర్ ఒడ్లలోనుంచి కొట్టుకొని వస్తూనే ఉంది. నీటిలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసమనే విషంగా మారుస్తాయి, చిన్న చేపను పెద్ద చేప తినే కొద్దీ అది పేరుకుంటూ పోతుంది, కాబట్టి బాస్ వంటి వేటచేపలలో ఎక్కువగా ఉంటుంది. సౌత్ ఫోర్క్ చేపలను నెలకు రెండు పూటలకు మించి తినవద్దని, గర్భిణులూ పాలిచ్చే తల్లులూ చిన్నపిల్లలూ అసలే తినవద్దని వర్జీనియా ఆరోగ్యశాఖ హెచ్చరిక. ఈ సంగతి నేను ఇంటి దగ్గర చదువుకొని వెళ్ళినందువల్ల తెలిసిందే తప్ప, ఎరలు అమ్మే ఆ దుకాణంలో ఎక్కడా రాసి లేదు. చేపను వదిలేవారే ఎక్కువగా వచ్చే చోటు కాబట్టి వారికి ఆ ఆలోచన రాలేదేమో కాని, చేప అనగానే చింతపండు నానబెట్టే మనవంటివారు కూడా వస్తున్నారని వారికి ఎవరో ఒకరు చెప్పాలి. మేము గాలపు కొక్కెం మీది ఎదురుముల్లును పటకారుతో నొక్కేసి, పట్టినదాన్నల్లా వదిలేశాము.

ఖర్చు మాట: రెండు పడవలు, తెడ్లు, జాకెట్లు, బస్సు అన్నీ కలిపి 150 డాలర్లు దాటింది. గాలం వేయడానికి లైసెన్సు వేరు. వర్జీనియా నివాసికి మంచినీటి లైసెన్సు ఏడాదికి 23 డాలర్లు. 16 ఏళ్ళ లోపు పిల్లలకు అక్కరలేదు. దాన్ని ముందు రోజే ఆన్‌లైన్‌లో తీసుకోవడం మంచిది, లోయలో ఫోన్ సిగ్నల్ అంతంత మాత్రమే. బెంటన్‌విల్ దగ్గర నీటికి దాదాపు ఆనుకొని ఉండే పొట్టి వంతెన ఒకటి ఉంది. రేవు దానికి ముందే వస్తుంది కనుక, వంతెన కనబడగానే ఒడ్డు పట్టాలి.

మరుసటి వారం దుకాణానికి ఫోన్ చేసి నీటి సంగతి అడిగాను. వారు నొచ్చుకొని, సెప్టెంబరులో వానలు పడ్డాక వస్తే సగం ధరకు ఇస్తామన్నారు. సరేనని, ఫోన్ పెట్టేసే ముందు లూరే కొలమానం ఆ రోజు ఎంత చూపిస్తున్నదో అడిగాను. ఆ అంకె వారికి నోటికే వచ్చు.