బాటిల్ ట్రాప్ బాగుంది, కప్లింగ్ మాత్రం చూసి కొనండి

విజయవాడలో పాత వాష్ బేసిన్ మార్చేవాళ్లు బేసిన్ కింద నీళ్లు పోయే దారిలో బిగించే ఈ 32 ఎంఎం ఇత్తడి బాటిల్ ట్రాప్ ధైర్యంగా కొనొచ్చు. కింది గిన్నె చేత్తో తిప్పితే ఊడొస్తుంది. వెంట్రుకలు, బోరు నీళ్ల సున్నం పేరుకునేది అక్కడే. డ్రైనేజీ వాసనను ఆపేది కూడా అందులో నిలిచే నీళ్లే. ముడతల ప్లాస్టిక్ పైపు జోలికి పోవద్దు, మురికంతా ఆ ముడతల్లోనే పడుతుంది.

ఇబ్బందల్లా సెట్‌తో వచ్చే వేస్ట్ కప్లింగ్‌తోనే, అంటే బేసిన్ అడుగు రంధ్రంలో బిగించే గొట్టంతోనే. అది ఫుల్ థ్రెడ్, అంటే పక్కన కన్నాలు లేకుండా పొడవునా మరలున్నది. బేసిన్‌కు నీళ్లు పొంగిపోకుండా పైన ఓవర్‌ఫ్లో రంధ్రం ఉంటే, పక్కన కన్నాలున్న హాఫ్ థ్రెడ్ విడిగా తీసుకోవాల్సిందే. లేదంటే ఆ రంధ్రంలో దిగిన నీరు బయటికి దారి లేక వాషర్ దగ్గర చెమ్మ కడుతుంది.

బేసిన్‌ను గోడకు పట్టించే రాగ్ బోల్టుల నట్లు అతిగా బిగిస్తే పింగాణీ చిట్లుతుంది. బేసిన్‌కూ గోడకూ మధ్య సందులో సిలికాన్ పెట్టాక 24 గంటలు తడి తగలనివ్వకండి.