రోమ్‌లో చక్రవర్తుల చిల్లర

రోమ్‌లో మొదటి ఉదయం అందరూ కొలోసియంకు పరుగెత్తుతారు. మేము టెర్మినీ స్టేషన్ దగ్గరి పలాజ్జో మాస్సిమో మ్యూజియంకు వెళ్లాం. మా బసకు అది అయిదు నిమిషాల నడక. ఆ బసలో మెచ్చుకోదగ్గది అదొక్కటే: నాలుగో అంతస్తు, పనిచేయని లిఫ్టు, పైగా నగర పన్ను తలకింత, రాత్రికింత అని విడిగా వసూలు. బరువు పెట్టెలతో వెళ్లేవాళ్లు లిఫ్టు సంగతి ముందే అడగండి. మ్యూజియంకు సోమవారం సెలవు.

జనమంతా పై అంతస్తులో, అగస్టస్ చక్రవర్తి భార్య లివియా తోట గోడచిత్రాల దగ్గర ఉన్నారు. నేలమాళిగలోని పాత రోమన్ నాణేల దగ్గర మేమిద్దరం, ఒక కాపలాదారు. అందరూ వాటిని కంచు నాణేలంటారు గానీ పెద్దదైన సెస్టెర్షియస్ ఇత్తడిది, దానిలో నాలుగో వంతు విలువైన ఆస్ రాగిది. సెస్టెర్షియస్ బరువు 25 గ్రాముల పైమాటే. మన రూపాయి బిళ్లలు ఏడెనిమిది కలిపినంత. ఇప్పుడు పచ్చగా చిలుము పట్టాయి గానీ, కొత్తలో చింతపండుతో తోమిన బిందెలా మెరిసి ఉంటాయి.

ఒక నాణెం మీది నీరో చక్రవర్తి బొమ్మ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. బలిసిన మెడ, రెండు మడతల గడ్డం, అలలు తిరిగిన జుట్టు. చెక్కినవాడు ఏదీ దాచలేదు! వెనకవైపు ద్వారాల దేవుడు జానస్ గుడి, మూసిన తలుపులు, పైన వేలాడే పూలదండ. యుద్ధముంటే ఆ తలుపులు తెరుస్తారు, శాంతి వస్తే మూస్తారు. చదువు రానివాడికి కూడా ఆ బొమ్మ చాలు. వెస్పేసియన్ చక్రవర్తి క్రీ.శ. 71లో వేయించిన నాణెం మరీ కటువు: ఖర్జూర చెట్టు కింద దుఃఖిస్తూ కూర్చున్న స్త్రీ, చుట్టూ ‘జూదియా (యూదుల దేశం) చిక్కింది’ అనే అర్థంలో లాటిన్ అక్షరాలు.

అరిగిన నాణేలే నాకు ఎక్కువ నచ్చాయి. బంగారం పాతరలో దాక్కుంటుంది. ఇవి రొట్టెల అంగడికీ, స్నానశాలకూ తిరిగాయి. చేతులు మారి మారి ముందు అరిగేది చక్రవర్తి ముక్కే. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్షియస్‌లు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. ఆ లెక్క ఇత్తడిలో కట్టినా, మన వినుకొండలో దొరికినవి మాత్రం బంగారు నాణేలు.

సాయంత్రం కొలోసియం. లోపలికి వెళ్లేందుకు వరుస చూసి నీరసం వచ్చింది, బయటే తిరిగాం. వెస్పేసియన్ కొడుకు టైటస్ చక్రవర్తి కాలపు సెస్టెర్షియస్ ఫొటో ఒకటి ఫోనులో ఉంది: పైనుంచి చూసినట్టు కొలోసియం, మెట్ల మీద చుక్కల్లా జనం, పక్కన శంకువులాంటి ఫౌంటెన్. ఆ ఫౌంటెన్ శిథిలాలను ముస్సోలినీ 1936లో తీయించేశాడు. నేల మీద దాని గుండ్రటి పునాది గుర్తు మిగిలింది. ఫోను పట్టుకుని అక్కడ నిలబడితే, సెల్ఫీకి అడ్డం జరగమని వెనక నుంచి ఎవరో చెయ్యి ఊపారు.