షేర్ మౌంట్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ కమాండ్‌లోనా, ఫైల్‌లోనా?

ఒంగోలులోని ఆడిటర్ కార్యాలయాలకైనా, చీమకుర్తి గ్రానైట్ యూనిట్లకైనా లినక్స్ యంత్రం నుంచి విండోస్ సర్వర్‌లోని షేర్ ఫోల్డర్‌ను సిఫ్స్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా మౌంట్ చేసేవారు, అంటే తమ యంత్రంలోని ఫోల్డర్‌లా జోడించుకునేవారు, ముందు ఈ పరీక్ష చేసి చూడాలి. ఒక తాత్కాలిక ఖాతా తెరిచి, దాని పాస్‌వర్డ్‌లో కావాలనే కామా, డాలర్ గుర్తు, ఖాళీ పెట్టండి.

కమాండ్‌లోనే పాస్‌వర్డ్ రాస్తే పని క్షణంలో అవుతుంది, కానీ చిక్కులు వెంటనే బయటపడతాయి. డాలర్‌ను షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాం) వేరియబుల్‌గా చదువుతుంది, ఖాళీ దగ్గర మాట విడిపోతుంది. ఒంటి కొటేషన్లు ఈ రెండింటినీ ఆపుతాయి. కామాను మాత్రం ఆపలేవు: మౌంట్ ఆప్షన్లను విడదీసేదే కామా కాబట్టి, పాస్‌వర్డ్ అక్కడే తెగిపోతుంది. అప్పుడు తెరపై 13వ నంబరు లోపం, అంటే అనుమతి నిరాకరణ, కనిపించవచ్చు. పాస్‌వర్డ్ సరైనదే కదా అని సర్వర్‌ను అనుమానిస్తూ కూర్చుంటాం. పైగా ఆ పాస్‌వర్డ్ షెల్ చరిత్రలో మిగిలిపోతుంది. యంత్రం మొదలైనప్పుడు ఏవి మౌంట్ చేయాలో రాసి ఉంచే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో రాస్తే మరీ ప్రమాదం, మామూలుగా ఆ ఫైల్‌ను యంత్రంలోని ప్రతి వాడుకరీ చదవగలడు.

రెండో పద్ధతి క్రెడెన్షియల్స్ ఫైల్, అంటే లాగిన్ వివరాలను విడిగా దాచే ఫైల్. అందులో యూజర్‌నేమ్ ఒక వరుస, పాస్‌వర్డ్ ఇంకో వరుస. కామా ఉన్నా సరిగ్గా చదువుతుంది, షెల్ జోక్యం ఉండదు. యజమాని రూట్ (నిర్వాహక ఖాతా), అనుమతులు 600 ఉండాలి, అంటే యజమాని మాత్రమే చదవగలగాలి, రాయగలగాలి. పాస్‌వర్డ్ ఈ ఫైల్‌లో గుప్తీకరణ లేకుండా మామూలు అక్షరాల్లోనే ఉంటుంది కనుక బ్యాకప్‌లలోకి వెళ్లకుండా చూసుకోవాలి.

ఇతరులు వాడే యంత్రమైతే నేను ఫైల్ పద్ధతే ఎంచుకుంటాను. ఒక్కసారి మౌంట్ చేసి చూడాలంటే పాస్‌వర్డ్ ఆప్షన్ అసలు ఇవ్వకండి, మౌంట్ తానే అడుగుతుంది.