గ్రాడియస్: ఇన్నేళ్ల తర్వాత కూడా మూడో లెవెల్ అంటే టెన్షనే

గ్రాడియస్ నేను మొదటిసారి ఆడింది 1996 వేసవి సెలవుల్లో, బెజవాడలో. మామయ్య కొనిచ్చిన టీవీ వీడియో గేమ్‌తో వచ్చిన క్యాసెట్‌లో అదొకటి. పక్కింటి పిల్లలు వస్తే కాంట్రా అనే ఇంకో కాల్పుల ఆట పెట్టమనేవాళ్లు. వాళ్లు వెళ్లిపోయాక నేనూ తమ్ముడూ దీన్ని పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు దీన్ని తయారుచేసిన కోనామీ కంపెనీ 2019లో తెచ్చిన ఆర్కేడ్ క్లాసిక్స్ కలెక్షన్‌లో ఆడుతున్నాను. 1985లో వచ్చిన అసలు ఆర్కేడ్ ఆట, అంటే నాణెం వేసి ఆడే పెద్ద మెషిన్లలోది, అందులో ఉంది. రెండూ కలిపి ఎన్ని వందల గంటలు ఆడానో లెక్కలేదు.

ఆట సంగతి చెప్పడం తేలిక. విక్ వైపర్ అనే చిన్న అంతరిక్ష నౌక మనది. స్క్రీన్ దానంతటదే జరుగుతుంటుంది, శత్రువులు ఎక్కువగా కుడివైపు నుంచి వస్తారు, మనం కాల్చుకుంటూ పోవాలి. ఇలాంటి ఆటలు తర్వాత చాలా వచ్చాయి. నన్ను దీనికి కట్టిపడేసింది మాత్రం స్క్రీన్ అడుగున ఉండే ఆరు గళ్ల పట్టీ.

ఎర్రటి శత్రువుని కూల్చినా, వరసగా వచ్చే గుంపుని మొత్తం కూల్చినా ఒక క్యాప్సూల్ వస్తుంది. అది తీసుకోగానే చేతికి ఆయుధం రాదు, పట్టీలో వెలుగు ఒక గడి ముందుకు జరుగుతుంది, అంతే. మొదటి గడి స్పీడ్, తర్వాత మిస్సైల్, డబుల్, లేజర్, ఆప్షన్, చివర షీల్డ్. ఎక్కడ ఆగి బటన్ నొక్కాలో మన ఇష్టం. నొక్కితే ఆ ఆయుధం వస్తుంది, పట్టీ ఖాళీ అవుతుంది. ఆప్షన్ కోసం ఐదు క్యాప్సూళ్లు దాచుకుంటూ నెమ్మది నౌకతో బుల్లెట్ల మధ్య తిరగాలి. నాలుగో గడి దాకా వచ్చి నేను బటన్ మీద వేలు పెట్టగానే తమ్ముడు "అక్కా, నొక్కకు! ఇంకొక్కటి, ఇంకొక్కటి!" అని నా మోచెయ్యి పట్టుకునేవాడు. ఆ ఇంకొక్కటి కోసం వెళ్లి చచ్చిపోయిన సందర్భాలే ఎక్కువ. అయినా వాడు చెప్పిందే కరెక్ట్. ఈ ఆటలో ఆప్షన్‌ని మించింది లేదు.

ఆప్షన్ అంటే మన వెనకాలే వచ్చే నారింజ రంగు వెలుగు ముద్ద. మనం వెళ్లిన దారిలోనే అదీ వస్తుంది, మనం కాలిస్తే అదీ కాలుస్తుంది, దానికి చావు లేదు. నౌకని పైకి తీసుకెళ్లి ఆపితే ఆప్షన్లు నిలువుగా బారు తీరతాయి. అప్పుడు లేజర్ వదిలితే స్క్రీన్ సగం ఊడ్చుకుపోతుంది. ఆర్కేడ్‌లో నాలుగు పెట్టుకోవచ్చు, మా క్యాసెట్‌లో రెండే. రెండింటితోనే ఎంత సంబరపడ్డామో!

స్పీడ్ విషయంలో మాత్రం జాగ్రత్త. రెండుసార్లు తీసుకుంటే చాలు. నాలుగైదు తీసుకుంటే నౌక చేతిలో ఆగదు, గోడకి కొట్టుకుంటుంది. షీల్డ్ ముందువైపే కాపాడుతుంది, వెనక నుంచి వచ్చేదానికి దిక్కులేదు.

ఇక నాకు నిజంగా బాధ కలిగించేది చావు. ఒక్క బుల్లెట్ తగిలితే సంపాదించినవన్నీ పోతాయి. నత్తనడక నౌక, ఒంటి తుపాకీతో లెవెల్‌లో వెనక్కి పంపిస్తుంది. మొదటి లెవెల్‌లో పోతే కోలుకోవచ్చు. ఐదో దాంట్లో పోతే, ఎన్ని లైఫ్‌లు మిగిలినా ఆట అయిపోయినట్టే. ఇది మంచి డిజైన్ అని వాదించేవాళ్లతో నేను ఏకీభవించను. ఓడిన మనిషికి లేచి నిలబడే వీలు కాస్త ఎక్కువ ఇవ్వాల్సింది.

ఈ కష్టం తయారుచేసినవాళ్లకీ తెలుసు. 1986లో దీన్ని ఫ్యామికామ్‌కి (ఇంట్లో టీవీకి పెట్టుకునే నింటెండో గేమ్ మెషిన్) మార్చిన కజుహిసా హషిమోటో, పరీక్షించడానికి ఆడుతూ తనవల్ల కాక ఒక రహస్య కోడ్ పెట్టుకున్నారు. పాజ్ చేసి, పైకి రెండుసార్లు, కిందకి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ. అవును, కాంట్రాలో 30 లైఫ్‌ల కోసం మనం నొక్కినదే. దాని పుట్టిల్లు ఈ ఆట అని తెలిసిన రోజు నేను తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

మూడో లెవెల్ గురించి చెప్పకుండా ఉండలేను. ఈస్టర్ దీవిలోని మోవాయ్ రాతి తలలు పైనా కిందా వరసగా ఉంటాయి. నోరు తెరిచి ఉంగరాల్లాంటివి వదులుతాయి. ఆ తెరిచిన నోట్లోకి కాలిస్తేనే పగులుతాయి, మూసుకుంటే లాభం లేదు. ఒక నోటి మీద దృష్టి పెడితే పైనుంచి ఇంకో నాలుగు ఉంగరాలు దిగుతాయి. అక్కడ నా బొటనవేలు ఇప్పటికీ చెమట పడుతుంది.

కలెక్షన్‌లో సేవ్ సదుపాయం ఉంది కాబట్టి కొత్తవాళ్లు ప్రతి లెవెల్ మొదట్లో సేవ్ చేసుకుంటూ ఆడండి, తప్పేం లేదు. నేను మాత్రం మూడో లెవెల్‌లో సేవ్ వాడను. మొన్న సంక్రాంతికి హైదరాబాద్‌లో తమ్ముడింట్లో, అక్కడే చచ్చిపోయి, ఆయుధం ఒక్కటీ లేకుండా మళ్లీ మొదలుపెట్టాను. ఒక్కో తలా దాటుకుంటూ లెవెల్ చివర ఉండే పెద్ద శత్రువు, బాస్ దాకా వెళ్లాను. వాడి కూతురు పక్కన కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తోంది. పట్టీలో వెలుగు నాలుగో గడి మీద ఉంది. "అత్తా, నొక్కకు," అంది.