బాత్ ఊళ్ళో ఒక రోజు: డబ్బు ఎక్కడ పెట్టచ్చు, ఎక్కడ పెట్టక్కర్లేదు

ముందే చెప్పేస్తున్నా, ఇంగ్లండ్‌లోని బాత్‌కి మేం వెళ్ళడం ఇది రెండోసారి. మొదటిసారి లెక్కలోకి రాదు. రెండేళ్ళ కిందట బెజవాడలోనే ఒక టూర్ కంపెనీకి డబ్బు కట్టి వెళ్ళినప్పుడు, లండన్ నుంచి విండ్సర్, స్టోన్‌హెంజ్, బాత్ మూడూ ఒకే రోజులో అన్నారు. బాత్‌లో బస్సు దిగేసరికి సాయంత్రం నాలుగు. "ఐదున్నరకి అందరూ ఇక్కడే ఉండాలి, బస్సు ఆగదు" అని చెప్పి గైడు మాయమైపోయాడు. ఆ గంటన్నరలో అరగంట టాయిలెట్ల క్యూలో, ఇంకో అరగంట మా గ్రూపులో తప్పిపోయిన ఒక పెద్దాయన్ని వెతకడంలో పోయింది. మిగిలిన టైములో చర్చి ముందు గ్రూప్ ఫొటో. ఇంటికొచ్చి అందరికీ బాత్ చూశాం అని చెప్పుకున్నాం, అదీ సంగతి.

ఈ జులైలో రెడింగ్‌లో అమ్మాయి వాళ్ళింట్లో ఉన్నాం కాబట్టి ఆ బాకీ తీర్చుకుందామని బయల్దేరాం. రెడింగ్ నుంచి రైల్లో గంట ప్రయాణం. అల్లుడు టికెట్లన్నీ ముందే కొని ఫోన్లో పెట్టి ఇచ్చాడు, మేమిద్దరమే వెళ్ళాం. మా గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ మీకు అర్థం కాదు. నేను సత్యనారాయణపురంలో ఆడపిల్లల స్కూల్లో 26 ఏళ్ళు డ్రాయింగ్ టీచర్ని. మా ఆయన ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. నేను బొమ్మల దగ్గర ఆగిపోతాను, ఆయన కాలువల దగ్గర ఆగిపోతారు. మిగతావాటి మీద మా మాట పెద్దగా పట్టించుకోకండి.

పొద్దున్నే రోమన్ బాత్స్, అంటే వేడి నీళ్ళ ఊట మీద రోమన్లు కట్టుకున్న స్నానాల కొలను. టికెట్ ఒక్కొక్కరికి 20 పౌండ్ల పైనే, అంటే మన లెక్కలో రెండు వేలు దాటింది. శని, ఆదివారాల్లో ఇంకా ఎక్కువ, కాబట్టి వీలైతే మామూలు రోజుల్లో వెళ్ళండి. చెవి దగ్గర పెట్టుకునే ఆడియో గైడు అందులోనే వస్తుంది, తెలుగు మాత్రం లేదు. నాకు మొదట గుండె కొంచెం బరువెక్కింది, స్నానాల గదికి ఇంత డబ్బా అని. లోపలికి వెళ్ళాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఫొటోల్లో చూసి అందరం అనుకునేది ఏమిటంటే, ఆకుపచ్చ నీళ్ళ కొలను, చుట్టూ స్తంభాలు, పైన విగ్రహాలు, మొత్తం రెండువేల ఏళ్ళ నాటిదని. కాదు. కింద కొలను, దానికి పరిచిన సీసం రేకులు (మొత్తం 45 రేకులట), చుట్టూ రాళ్ళ నేల, స్తంభాల అడుగు భాగం వరకే రోమన్లవి. పైనున్న విగ్రహాలూ, వరండా 19వ శతాబ్దం చివర్లో పెట్టినవి. నీళ్ళు పచ్చగా ఉండటం కూడా పాచి వల్లే. అప్పట్లో పైన ఎత్తైన కప్పు ఉండేది, ఎండ పడేది కాదు, పాచి పట్టేది కాదు. ఇప్పుడు ఆకాశమే కప్పు. నీళ్ళలో చెయ్యి పెట్టొద్దని అడుగడుగునా బోర్డులు, శుద్ధి చెయ్యని నీళ్ళు కాబట్టి.

మా ఆయన ఎక్కడ ఆగారంటే, వేడి నీళ్ళు పొంగి బయటికి పోయే కాలువ దగ్గర. రాతి కమాను కింద నుంచి ఆవిరి కక్కుకుంటూ నీళ్ళు దూకుతుంటాయి, ఆ రాళ్ళన్నీ తుప్పు రంగులో, చిలుం పట్టిన రాగి బిందె అడుగులా ఉన్నాయి. రోజుకి 11 లక్షల 70 వేల లీటర్ల నీరు, 46 డిగ్రీల వేడితో తనంతట తానే పైకి వస్తుంది. మిగులు నీళ్ళని ఏవన్ నదిలోకి పంపడానికి రోమన్లు కట్టిన కాలువ ఇవాళ్టికీ పని చేస్తోంది. ఈయన కంచె పట్టుకుని పదిహేను నిమిషాలు కదల్లేదు. "మనం కట్టిన సైడు కాలువ మూడో వానకి పూడిపోయింది చూడు" అని ఆయనలో ఆయనే అనుకుంటున్నారు. వెనకాల జనం పక్కకి తప్పుకుని పోతున్నారు, నాకు సిగ్గేసింది.

నేను ఆగింది శాపాల దగ్గర. పల్చటి సీసం, తగరం రేకుల మీద గీసి, చుట్టచుట్టి, సూలిస్ మినర్వా అనే అమ్మవారికని ఊటలో పడేసేవాళ్ళట, అలాంటివి 130 దాకా దొరికాయి. చాలావాటిలో గొడవ ఒక్కటే, స్నానానికి దిగితే ఒడ్డున పెట్టిన సామాను ఎవడో ఎత్తుకుపోయాడు. డోసిమెడిస్ అనే ఆయన రెండు చేతి తొడుగులు పోగొట్టుకున్నాడు. తీసినవాడికి మతీ, కళ్ళూ రెండూ పోవాలని అమ్మవారికి అర్జీ పెట్టుకున్నాడు. చదవగానే మా అమ్మమ్మ గొంతు వినిపించింది, "వాడి కళ్ళు పేలిపోను!" అని. 2016 కృష్ణా పుష్కరాల్లో దుర్గా ఘాట్ మెట్ల మీద నా కొత్త చెప్పులు పోయినప్పుడు నేనూ ఇంచుమించు అదే అన్నాను, కాకపోతే సీసం రేకు మీద రాయలేదు. ఒక్క రేకు వెడల్పు నా అరచేతిలో సగం కూడా లేదు, ఆ గీతల్లో కోపం మాత్రం కనిపిస్తోంది, కొన్నిచోట్ల గట్టిగా నొక్కేశాడు. పిల్లలు పరీక్ష పేపరు మీద పెన్సిల్ నొక్కినట్టు.

చివర్లో ఆ నీళ్ళు ఒక చిన్న కప్పులో రుచి చూడచ్చు. గోరువెచ్చగా, ఇనుప వాసనతో, అచ్చం బోరు నీళ్ళు. నేను సగం తాగి వదిలేశాను. 43 రకాల ఖనిజాలున్నాయని చదివి మా ఆయన నాది కూడా తాగేశారు.

మధ్యాహ్నం తిండికి రాయల్ క్రెసెంట్ దగ్గరికి నడిచాం. ఎక్కుడు దారి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బస్సో టాక్సీయో చూసుకోండి. దారిలో సర్కస్ అని గుండ్రంగా కట్టిన ఇళ్ళ వలయం వస్తుంది (పులులూ లేవు, జోకర్లూ లేరు). క్రెసెంట్ అంటే నెలవంక ఆకారంలో వరసగా 30 ఇళ్ళు, 1767 నుంచి 1774 దాకా కట్టారు, అన్నీ తేనె రంగు రాయి. ముందు వైపు గీత గీసినట్టు ఒక్కటే కొలత. అప్పట్లో కొనుక్కున్నవాళ్ళకి ఆ ముందు గోడ మాత్రం ఇలాగే ఉండాలని చెప్పి, వెనకాల ఇల్లు మీ ఇష్టం అన్నారట. అందుకని వెనక సందులోకి వెళ్ళి చూస్తే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందుకి తోసుకొచ్చి, మరొకటి లోపలికి పోయి ఉంటుంది. పైన పటారం లోన లొటారం అనేది ఎవరైనా అచ్చంగా రాయితో కట్టారంటే ఇక్కడే. ముందు ఫొటో తీసుకున్న తర్వాత వెనక్కి కూడా వెళ్ళి చూడండి, పైసా ఖర్చు లేదు.

ఇళ్ళ ముందున్న పచ్చిక అక్కడివాళ్ళకే, దాని కింద పార్కు అందరిదీ. మధ్యలో గోడ ఉంది గానీ పల్లంలో దింపి కట్టారు, పై నుంచి చూస్తే కనపడదు, పచ్చిక అంతా ఒకటే అనిపిస్తుంది. దాన్ని హా-హా అంటారట, పేరు నేను పెట్టింది కాదు. అక్కడ దుప్పటి పరిచి పులిహోర, పెరుగన్నం, ఊరమిరపకాయలు విప్పాం. జులై మధ్యాహ్నం ఎండలో శాలువా కప్పుకుని పులిహోర తినడం ఒక వింత. పక్కన కూర్చున్న ఇద్దరు కాలేజీ పిల్లలు డబ్బా వైపే చూస్తుంటే చెరో గరిటె పెట్టాను. ఊరమిరపకాయ వద్దన్నా ఒకబ్బాయి కొరికేశాడు, ఆ తర్వాత కథ చెప్పను.

ఇప్పుడు అసలు సంగతి, హోల్‌బర్న్ మ్యూజియం. ప్యాకేజీవాళ్ళు ఎవరూ తీసుకెళ్ళరు. పల్ట్నీ వంతెన దాటి, వెడల్పాటి గ్రేట్ పల్ట్నీ వీధిలో నేరుగా నడిస్తే చివర్లో ఎదురుగా కనిపిస్తుంది. పాతకాలపు హోటలు భవనం అది, విలియం హోల్‌బర్న్ అనే ఆయన పోగుచేసిన వెండి, పింగాణీ, బుల్లి బుల్లి బొమ్మపటాలు, పెద్ద చిత్రాలు అందులో ఉన్నాయి. ఈయన 11 ఏళ్ళకే నౌకాదళంలో చేరి 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో ఉన్నాడు. అంత చిన్నప్పుడు ఫిరంగుల మోత విన్నవాడు పెద్దయ్యాక చెంచాలూ కప్పులూ పోగేసుకుంటూ కూర్చున్నాడంటే నాకు ఆశ్చర్యంగా ఏమీ లేదు. వెనకాల 2011లో గాజుతో కొత్త భాగం కట్టారు, కొందరికి నచ్చదట, నాకు నచ్చింది. తోటలో చెట్లు ఆ గాజులో ఊగుతుంటాయి.

నేను గంట సేపు కూర్చున్నది 18వ శతాబ్దపు ఇంగ్లీషు చిత్రకారుడు గెయిన్స్‌బరో గీసిన బయమ్ కుటుంబం బొమ్మ ముందు. నిలువెత్తుకి మించిన బొమ్మ. భార్యాభర్తలిద్దరూ చెట్ల మధ్య నడుస్తుంటారు, పక్కన చిన్న పాప. తమాషా ఏమిటంటే మొదట గీసినప్పుడు పాప లేదు. కొన్నేళ్ళకి బొమ్మని మళ్ళీ చిత్రకారుడికే ఇచ్చి, పాపని చేర్పించి, పనిలో పనిగా ఆవిడ గౌనుని కూడా కొత్త ఫ్యాషన్‌కి మార్పించుకున్నారు. మా మేనత్తగారి హాల్లో ఇలాంటి ఫొటో ఒకటి ఉండేది. పెళ్ళి ఫొటోలో తర్వాత పుట్టిన కొడుకుని గవర్నర్‌పేట స్టూడియోవాడు అంటించి ఇచ్చాడు, పిల్లాడి కాళ్ళు నేలకి ఆనేవి కావు. గెయిన్స్‌బరో కాబట్టి ఇక్కడ కాళ్ళు ఆనాయి. కానీ దగ్గరికెళ్ళి చూస్తే తల్లిదండ్రుల చూపు ఒక వైపు, పాప లోకం వేరే. ఆ డబ్బంతా యాంటిగా దీవిలో బానిసల చేత చేయించిన చెరకు తోటల కుటుంబానిది, అది తెలిశాక ఆ పట్టు మెరుపుని చూసే చూపు కొంచెం మారుతుంది.

గెయిన్స్‌బరో 1759 నుంచి 1774 దాకా ఈ ఊళ్ళోనే ఉన్నాడు, చివరి కొన్నేళ్ళు ఇందాక మేం దాటి వచ్చిన సర్కస్‌లో 17వ నంబరు ఇంట్లో. డబ్బున్నవాళ్ళు రోగాలకి వేడి నీళ్ళ కోసం బాత్ వచ్చేవాళ్ళు, వచ్చినవాళ్ళు ఖాళీగా ఉంటారు కదా, బొమ్మ గీయించుకునేవాళ్ళు. ఆయనకి ఇష్టమైంది మాత్రం చెట్లూ కొండలూ. బల్ల మీద రాళ్ళ ముక్కలు, ఎండిన ఆకులు, అద్దం ముక్కలు పేర్చుకుని, వాటిని చూస్తూ కొండలు, చెట్లు, చెరువులు గీసేవాడని ఆయన కాలపు చిత్రకారుడు రెనాల్డ్స్ చెప్పాడు. ఇది నేను పాతికేళ్ళు పిల్లలకి చెప్పిన పాఠమే! సంక్రాంతి బొమ్మల కొలువులో అద్దం పెట్టి చెరువు, ఆవాలు చల్లి పచ్చిక, ఇసక పోసి కొండ. ఈ ముక్క నాకు అప్పుడే తెలిసుంటే ఎంతమందికి చెప్పేదాన్నో.

కింద అంతస్తులో టెంపరరీ ఎగ్జిబిషన్లు కొన్ని నెలలకోసారి మారుతుంటాయి, మేం చూసింది మీరు వెళ్ళేసరికి ఉండదు కాబట్టి వదిలేస్తున్నా. టికెట్ ఉంది, రోమన్ బాత్స్ అంత కాదు. డ్రాయింగ్ మీద ఇష్టం ఉంటే కళ్ళు మూసుకుని కొనండి.

తిరిగి వస్తూ వంతెన దగ్గరే విక్టోరియా ఆర్ట్ గ్యాలరీ. పై అంతస్తు ఉచితం. రాణి గారి అరవై ఏళ్ళ పాలన పేరు మీద కట్టి 1900లో తెరిచారు. మన బందరు రోడ్డు విక్టోరియా జూబిలీ మ్యూజియం, ఇప్పుడు బాపూ మ్యూజియం అంటున్నామే, దానికి శంకుస్థాపన 1887లో, యాభై ఏళ్ళ పండక్కి. అంటే మనదే పెద్దది వయసులో. ఆ మాట అక్కడి కౌంటర్లో అమ్మాయికి చెప్తే బెజవాడ స్పెల్లింగ్ రాయమని కాగితం ఇచ్చింది.

టీ సంగతి చెప్పాలి. ఊరి నడిబొడ్డులో ఒక టీ రూమ్‌లో కూర్చున్నాం, పేరెందుకులే. రెండు టీలు, రెండు స్కోన్లు. స్కోన్ అంటే మన బేకరీ బన్నుకి కాస్త గట్టి అన్నయ్య, మీద జామ్, చిక్కటి మీగడ. బాగుంది, కాదనను. నలభై నిమిషాలు ఆగితే గానీ రాలేదు, బిల్లులో అడక్కుండానే పన్నెండున్నర శాతం సర్వీస్ ఛార్జి కలిపారు. ఇంటికొచ్చాక అమ్మాయి చెప్పింది, "అమ్మా, అది ఇష్టమైతేనే ఇవ్వాలి, వద్దంటే తీసేస్తారు" అని. మీరు ముందే అడగండి.

సాయంత్రం పల్ట్నీ వంతెన కింద నుంచి పడవలో గంట తిరిగాం. వంతెన 1774 నాటిది, రెండు వైపులా దుకాణాలు, మీద నడుస్తుంటే నది మీద ఉన్నామనే తెలియదు. కింద మెట్లు మెట్లుగా నీళ్ళు దూకే ఆనకట్ట ఉంది, అందరి ఫొటోల్లో ఉండేది అదే. మా ఆయన దాన్ని చూసి "మన బ్యారేజీకి మనవరాలు" అన్నారు. భవానీ ద్వీపం పడవలా హోరెత్తించే పాటలు లేవు, అంత్యాక్షరి లేదు. విల్లో కొమ్మలు నీళ్ళకి తగులుతుంటే అరగంట ఎవరం మాట్లాడుకోలేదు. రాత్రి తొమ్మిదిదాకా వెలుతురే కాబట్టి తొందర లేదు. ఈ ఖర్చు కూడా పెట్టండి.

మేం చెయ్యనిది ఒక్కటే. రోమన్ కొలనులో దిగనివ్వరు కాబట్టి, అదే ఊట నీళ్ళలో మునగాలంటే 2006లో తెరిచిన థర్మే బాత్ స్పాకి వెళ్ళాలి, డాబా మీద కొలను ఉంటుంది, ఊరంతా చూస్తూ స్నానం చెయ్యచ్చు. "నాన్నా, టికెట్ నేను తీస్తాను వెళ్ళిరండి" అని అమ్మాయి మరీ మరీ చెప్పింది. మా ఆయన స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ధర చూసి ఫోన్ జేబులో పెట్టేశారు. "డాబా మీద వేడి నీళ్ళకి ఇంతా? మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మన ట్యాంకు పంపు తిప్పు, ఇదే వేడి. సబ్బు కూడా మనదే" అన్నారు.