ఎఫ్‌డీ జాయింట్‌గా వేయాలా, భార్య ఒక్కరి పేరునా?

పాస్‌బుక్‌లో పేరున్నంత మాత్రాన సొమ్ము సొంతమైపోదు. గొడవ కోర్టుకెక్కితే ముందు అడిగేది ఒకటే: డబ్బు ఎవరు వేశారు?

జాయింట్ అయితే: ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు) అనేది బ్యాంకు ఎవరికి చెల్లించాలో చెప్పే ఏర్పాటే, చెరిసగం వాటా కాదు. గడువుకు ముందు తీయాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ కావాలి. గడువు తీరాక ఎవరో ఒకరే తీసేసుకోవచ్చు. అసలు టెన్షన్ అక్కడే.

భార్య పేరున అయితే: ఆమె జీతమో, పుట్టింటివాళ్లు ఇచ్చిన స్త్రీధనమో అయితే రుజువు తేలిక. భర్త తన డబ్బు ఊరికే ఇచ్చి వేయిస్తే వడ్డీ మీద పన్ను ఆయనకే. నామినీని పెట్టినా వారసుల హక్కు పోదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

ఇంటి అవసరాలకు ఇద్దరూ కలిసి దాచేదైతే జాయింట్ మేలు. స్త్రీధనం మాత్రం విడిగానే ఉంచండి, కలిపేస్తే లెక్క తేల్చడం నరకం.